నోబితా చనిపోలేదు, డోరేమాన్ భ్రమా కాదు

మొన్న ఆదివారం మా అక్క కూతురు కంచం ముందు కూర్చుని ముద్ద ముట్టకుండా ఏడుస్తోంది. ఎనిమిదేళ్ల పిల్ల. ఏమైందే అంటే, "మామయ్యా, నోబితా చచ్చిపోయాడంట" అంది. నోబితా అంటే 'డోరేమాన్' అనే జపాన్ కార్టూన్‌లో పిల్లాడు. డోరేమాన్ ఏమో భవిష్యత్తులోంచి వచ్చి, అతనికి రకరకాల గ్యాడ్జెట్లు ఇచ్చి ఆదుకునే నీలం రంగు రోబో పిల్లి. ఫ్యామిలీ గ్రూపులో వచ్చిన వీడియో వాళ్లమ్మ ఫోన్లో చూసేసింది. ఏళ్ల తరబడి తిరుగుతున్న కథే. నోబితా జపాన్‌లో నిజంగా ఉన్న పిల్లాడట. స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బట, ఒక్క ఫ్రెండూ లేడట, డోరేమాన్ అతని భ్రమేనట. పదహారేళ్లప్పుడు డాక్టరు ఆ సంగతి చెప్తే తట్టుకోలేక ప్రాణం తీసుకున్నాడట. అతని జ్ఞాపకంగా ఈ షో తీశారట, చివరి ఎపిసోడ్‌లో ఇదంతా చూపించారట. అన్నీ అటలే.

ఆ అటల్ని ఒక్కొక్కటే చూద్దాం.

ముందు ఆ "నిజంగా ఉన్న పిల్లాడు" సంగతి. డోరేమాన్‌ని సృష్టించింది ఫుజికో ఎఫ్. ఫుజియో అనే కలం పేరుతో బొమ్మలు గీసిన హిరోషి ఫుజిమోతో. 1969 చివర్లో షొగకుకాన్ అనే ప్రచురణ సంస్థ తన పిల్లల పత్రికల్లో, వచ్చే నెల నుంచి కొత్త సీరియల్ అని ప్రకటన వేసింది. ఆ ప్రకటనలో డోరేమాన్ బొమ్మ లేదు, పేరూ లేదు. బల్ల సొరుగులోంచి ఏదో రాబోతోంది, ఓ పిల్లాడు అదిరిపడుతున్నాడు, అంతే. ఏం రాబోతోందో అప్పటికి ఆయనకే తెలీదు మరి! గడువు దగ్గరపడుతుంటే వీధి పిల్లి ఒంట్లో పురుగులు ఏరుతూ టైం గడిపేశాడు. చివరికి కూతురి బొమ్మ కాలికి తగిలింది. మన తంజావూరు బొమ్మలాగా తోస్తే మళ్లీ లేచి నిలబడే రకం. ఆ గుండ్రటి బొమ్మా, ఆ పిల్లీ కలిస్తే డోరేమాన్. ఈ కథని తర్వాత ఆయనే కామిక్‌గా గీసుకున్నాడు. పేరు మొదట్లో ఉన్న 'డోరా' కూడా జపనీస్‌లో వీధి పిల్లిని పిలిచే మాటలోంచి వచ్చిందే. 1970 జనవరి సంచికలతో కథ మొదలైంది. ఇందులో చనిపోయిన పిల్లాడు ఎక్కడా లేడు. నోబితా ఎవరంటే నేనే అని చెప్పుకునేవాడు ఫుజిమోతో. చిన్నప్పుడు ఆటల్లో ఆయనా నోబితాలాగే వెనకబడేవాడట. (ఈ ఒక్క అట మాత్రం ఆయన సొంత మాటే.)

స్కిజోఫ్రెనియా గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అది సాధారణంగా టీనేజీ చివర్లోనో ఇరవైల్లోనో బయటపడే జబ్బు, పదేళ్ల పిల్లల్లో చాలా అరుదు. నోబితా చదివేది నాలుగో, ఐదో క్లాసు. ఆ జబ్బులో ఎక్కువగా ఉండేది లేని మాటలు వినిపించడం. అంతేగానీ నీలం రంగు పిల్లి రోజూ పక్కన కూర్చుని డోరాయాకీలు అనే జపాన్ మిఠాయిలు తినడం కాదు. ఆ పిల్లిని నోబితా వాళ్లమ్మ బజారుకి పంపుతుంది, ఇద్దర్నీ కలిపి తిడుతుంది. అదీ భ్రమేనంటారా? అలా అనుకుంటూ పోతే ఏ కథనైనా కల అనెయ్యొచ్చు. నన్ను బాధపెట్టింది ఇంకోటి. నిజంగా ఆ జబ్బుతో మందులు వేసుకుంటూ ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు ఈ గ్రూపుల్లోనే ఉంటారు. ఆ జబ్బుంటే చావే గతి అన్నట్టు వయొలిన్ వాయించి మరీ చెప్తోంది ఆ వీడియో.

ఇక "చివరి ఎపిసోడ్". అసలు ఇదంతా చూపించిన ఎపిసోడ్ ఏదీ లేదు. టీవీలో 1973లో ఓసారి మొదలై కొన్ని నెలలకే ఆగింది. 1979లో మళ్లీ మొదలైంది, 2005లో గొంతులూ బొమ్మలూ మారాయి, అంతే. ఫుజిమోతో 1996 సెప్టెంబరు 23న, 62 ఏళ్లకి కన్నుమూశాడు. కథకి ముగింపు రాసిపెట్టలేదు. అప్పుడు ఆయన చేతిలో సగంలో ఉన్నది కొత్త డోరేమాన్ సాహసమే. దాన్ని ఆయన సహాయకులు పూర్తి చేశారు.

అయితే ముగింపులాంటిది మాత్రం ఒకటుంది. ఆ పత్రికలు క్లాసుల వారీగా వచ్చేవి. మార్చితో ఏడాది అయిపోతే పిల్లలు పై క్లాసు పత్రికకి వెళ్లిపోతారు. అందుకని మార్చి సంచికల్లో ఆయన అప్పుడప్పుడూ వీడ్కోలు కథ రాసేవాడు. 1974 మార్చిలో మూడో క్లాసు పత్రికలో వచ్చింది చదవండి. డోరేమాన్ భవిష్యత్తులోకి వెళ్లిపోవాలి, కానీ నోబితాని ఒంటరిగా వదిలి వెళ్లడానికి మనసు రాదు. ఆ రాత్రి నోబితాకి, ఎప్పుడూ వాణ్ణి ఏడిపించే జియాన్ ఎదురవుతాడు. ఏ గ్యాడ్జెట్టూ అడక్కుండా నోబితా కొట్లాటకి దిగుతాడు. దెబ్బలు తింటాడు, పడతాడు, లేచి మళ్లీ కాళ్లు పట్టుకుంటాడు. విసిగిపోయి జియానే ఓడిపోయానంటాడు. తెల్లారేసరికి గదిలో నోబితా ఒక్కడే. కిటికీలోంచి ఎండ.

ఏప్రిల్ సంచికలో, అంటే నాలుగో క్లాసు పత్రికలో, డోరేమాన్ తిరిగొచ్చాడు. ఆ రోజు ఏప్రిల్ ఫూల్. డోరేమాన్‌ని చూశానని జియాన్ అబద్ధం చెప్తే నోబితా నమ్మి పరిగెడతాడు. తర్వాత ఏం చెప్తే దానికి తలకిందులుగా జరిగే మందు ఒకటి తాగి ఉన్నాడు కాబట్టి, "డోరేమాన్ ఇంక రాడు" అని గొణుక్కుంటాడు. వచ్చేస్తాడు! ఇద్దరూ కావలించుకుని ఏడుస్తుంటే నోబితా ఏమంటాడంటే, నాకేం సంతోషంగా లేదు, ఇంక ఎప్పటికీ కలిసి ఉండం అని. మీసాలొచ్చాక కూడా నాకు అక్కడ గొంతు పట్టేస్తుంది.

డోరేమాన్ బ్యాటరీ అయిపోతే నోబితా సైంటిస్టు అయ్యి బాగుచేస్తాడనే ఇంకో వెర్షన్ ఉంది. బాగుంటుంది, కాదనను. కానీ అది అభిమానుల కల్పన. దాన్ని కామిక్‌గా గీసి అమ్మినాయనకి షొగకుకాన్ అభ్యంతరం చెప్తే 2007లో క్షమాపణ చెప్పాడు.

ఫ్రెండ్స్ లేరన్నది మరీ అన్యాయం. షిజుకా నోబితా క్లాస్‌మేట్, పెద్దయ్యాక అతన్నే పెళ్లి చేసుకుంటుంది. ఆ పెళ్లికి ముందు రాత్రి కథలో షిజుకా వెళ్లనని బెంగపడుతుంది. వాళ్ల నాన్న ధైర్యం చెప్తూ, అవతలివాడి సంతోషం కోరుకుని, అవతలివాడి కష్టానికి కుమిలిపోయే మనిషి నోబితా అంటాడు. హోంవర్కు చెయ్యడు, సున్నా మార్కులు, ఏడుపుగొట్టు, అన్నీ నిజమే. షిజుకా స్నానం సీన్లు నాకూ నచ్చవు, అవి తీసేస్తే పీడా పోతుంది. కానీ ఆ కుర్రాడు పెద్దవాడవుతాడు, పెళ్లి చేసుకుంటాడు, వాడికో కొడుకు పుడతాడు. ఇవన్నీ ఫుజిమోతో తన చేత్తో గీసినవే.

మా మేనకోడలికి ఆ రెండు కథలూ చెప్పాను. కళ్లు తుడుచుకుని, "అయితే జియాన్ చెప్పింది కూడా ఫార్వర్డేనా మామయ్యా" అంది. అవునే అన్నాను. అన్నం తింది.

ఇదంతా టైప్ చేసి, వీడియో పంపిన మా పెదనాన్నకీ పెట్టాను. బొటనవేలు గుర్తు వచ్చింది. పది నిమిషాలకి ఆయన దగ్గర్నుంచే ఇంకోటి: "షిన్‌చాన్ వెనక దాగిన కన్నీటి గాథ. తప్పక చూడండి, పది మందికి పంపండి."