వారసత్వమే టూరు కెళ్లింది

నెల్లూరు, ప్రకాశం జిల్లాల చారిత్రక ప్రదేశాలన్నీ ఒక్క తాటి మీదికొచ్చి పర్యాటకాన్ని పెంచుకోవాలని పెద్దలు అప్పుడప్పుడూ సెలవిస్తుంటారు. సంతోషం. కాకపోతే మనం ఈ రంగంలో వెనకబడ్డామన్న మాట మాత్రం శుద్ధ అపనింద. జనం వచ్చి మన వారసత్వాన్ని చూడటం లేదు, నిజమే. వారసత్వమే మూటాముల్లే సర్దుకుని దేశదేశాలు తిరిగొస్తుంటే ఇక జనంతో పనేముంది?

ఉదయగిరి సంగతే తీసుకోండి. శ్రీకృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి, 1514లో గజపతుల నుంచి ఆ దుర్గాన్ని గెలుచుకున్నాడు. వెళ్తూ వెళ్తూ అక్కడి బాలకృష్ణుణ్ణి హంపీకి తీసుకుపోయి, గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. నెల్లూరు సీమలో బయల్దేరి, కర్ణాటక మీదుగా తమిళనాడు చేరిన స్వామిని మించిన అంతర్రాష్ట్ర సమన్వయకర్త ఎవరున్నారు? ఉదయగిరి చెక్క గరిటెలదీ అదే దారి. ఊరూరి ఎగ్జిబిషన్లలోనూ అవి కనబడతాయి. కొన్నవాళ్లు ఆ గరిటెతో పప్పు తిప్పుతారే గానీ, కొండ మీద కోట ఉందన్న సంగతి వాళ్ల చెవిన పడదు.

చందవరం ఇంకో మెట్టు పైన ఉంది. దొనకొండ దగ్గర, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఈ బౌద్ధ క్షేత్రం నుంచి, బుద్ధుణ్ణి కొలుస్తున్న భక్తుల శిల్పఫలకం ఒకటి చోరీ అయింది. చేతులు మారి మారి, 2005లో కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీకి చేరింది. దొంగసొత్తని తేలాక 2016లో వాళ్లు మనకు తిరిగిచ్చేశారు. పక్క మండలం వాళ్లు కూడా తొంగిచూడని రాయిని సముద్రాల అవతల జనం టికెట్టు లేకుండా, ఏసీ గదిలో, దానికోసమే పెట్టిన లైటు కింద చూశారు. పర్యాటక ప్రచారానికి ఇంతకన్నా తక్కువ ఖర్చు మార్గాన్ని ఏ కన్సల్టెంటూ చెప్పలేడు.

అడుగు కదపకుండా ప్రయాణించినవీ ఉన్నాయి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు పాతకాలపు ఓడరేవు మోటుపల్లి పోయి బాపట్లలో పడింది, చేనేత చీరల వెంకటగిరి తిరుపతిలో పడింది. చీర అదే, మగ్గం అదే, బ్రోషరు మాత్రం పక్క జిల్లాది. మోటుపల్లిలో 1244లో కాకతి గణపతిదేవుడు వేయించిన అభయశాసనం ఉంది. ఓడలు బద్దలై ఒడ్డుకు కొట్టుకొచ్చిన వర్తకుల సరుకును అంతకుముందు రాజులు లాగేసుకునేవారట. నేను సుంకం తప్ప ఏదీ ముట్టను, అదీ ముప్పయ్యో వంతే అని ఆయన రాయించాడు. పరదేశం నుంచి వచ్చేవాణ్ణి భయపెట్టకూడదన్న పర్యాటక సూత్రం ఎనిమిది వందల ఏళ్ల కిందటే ఆయనకు తెలుసు. పార్కింగు చీటీ, చెప్పుల చీటీ, కొబ్బరికాయ కొట్టే చీటీ కలిపితే ముప్పయ్యో వంతులో సరిపెట్టుకోవడం ఏ గుడి ముందైనా సాధ్యమా? పాపం, ఆయన కాలానికి పార్కింగు కాంట్రాక్టు లేదు.

సమన్వయ సమావేశం ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఏసీ హాలు, శాలువాలు, సమోసా. వెనక ఫ్లెక్సీ మీద నాయకుల ముఖాల కింద, అరచేయంత జాగాలో ఒక కోట బొమ్మ. తేరిపార చూస్తే అది కడప జిల్లా గండికోట. ఫోన్లో ముందు దొరికింది అదే కదా మరి. బయట టీ అంగడి దగ్గర నిలబడి కోటకు దారేదని అడిగితే సమాధానం ఇంకా సూటిగా ఉంటుంది: "ఆడేముండాది సామీ, రాళ్లు తప్ప? ఎండకి పడిపోతావు, మజ్జిగ తాగి పో."

అందుకే నాదొక ప్రతిపాదన. మనకు ఏ కన్సల్టెంటూ అవసరం లేదు, నెల్లూరు స్వర్ణాల చెరువు ఉంది. ఏటా మొహర్రంలో బారాషహీద్ దర్గా దగ్గర ఆ చెరువు నీళ్లలో దిగి హిందువులు, ముస్లింలు రొట్టెలు మార్చుకుంటారు. కోరిక తీరినవాళ్లు తెస్తారు, అదే కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు. ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఇంటి రొట్టె. 2015లో దీన్ని రాష్ట్ర పండగ కూడా చేశారు. మన ప్రదేశాల్నీ అదే చెరువులో దింపితే సరి. ఉదయగిరి రోడ్డు రొట్టె అడుగుతుంది, చందవరం కాపలా రొట్టె. ఎనిమిది గుహాలయాలు పెట్టుకుని అడవిలో కూర్చున్న భైరవకోన బస్సు రొట్టె అడగొచ్చు. 1921లో గాంధీజీ చేతుల మీదుగా మొదలైన పల్లిపాడు ఆశ్రమం నాలుగు మంచి మాటల బోర్డు రొట్టెతో తృప్తిపడుతుంది, అది గాంధేయవాది కాబట్టి. మరుగుదొడ్డి రొట్టెకు మాత్రం అన్నీ ఒకేసారి చేయి చాస్తాయి, తోపులాట జరక్కుండా పోలీసు బందోబస్తు పెట్టాలి.

చిక్కల్లా ఒక్కటే. రొట్టె ఇవ్వాలంటే ముందు ఆ కోరిక తీరి ఉండాలి. రెండు జిల్లాలూ గాలించినా రోడ్డు రొట్టె ఇవ్వగల కోట గానీ, కాపలా రొట్టె ఇవ్వగల స్తూపం గానీ తగల్లేదు. ప్రస్తుతానికి మన దగ్గర పుష్కలంగా ఉన్నది సమావేశం రొట్టె. అది ఎవరికైనా, ఎన్నయినా ఇస్తాం.