ఉత్తమ పురుషుడికి ఈగో ఉండదు

"నాకసలు ఈగో లేదండీ" అని ఎవరైనా మొదలుపెట్టగానే నేను కాస్త సర్దుకుని కూర్చుంటాను. ఆ లేనిదాని గురించి ఇంకో అరగంట వినాల్సి వస్తుందని అనుభవం.

ఈ మాట పుట్టుపూర్వోత్తరాలు చూస్తే జాలేస్తుంది. లాటిన్‌లో ఈగో అంటే 'నేను'. అంతే. మనోవిశ్లేషణ మొదలుపెట్టిన ఫ్రాయిడ్ కూడా 1923లో మనసు గురించి రాస్తూ తన జర్మన్‌లో 'నేను', 'అది' అని ఇంట్లో వాడే మాటలే వాడాడు. 1927లో ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు వాటికి లాటిన్ కోటు తొడిగి ఈగో, ఇడ్ అన్నారు. ఫ్రాయిడ్ లెక్కలో ఈగో పాపం ముగ్గురు యజమానుల దగ్గర చాకిరీ చేసే గుమాస్తా. లోపలి కోరికలు లాగుతుంటాయి, అంతరాత్మ గద్దిస్తుంటుంది, బయటి లోకం కుదరదంటుంది. ముగ్గురికీ సర్దిచెప్పడమే దాని ఉద్యోగం. ఆ లెక్కన 'నీకు ఈగో ఎక్కువ' అంటే పొగడ్తే. ఎవరినైనా అలా పొగిడి చూడండి, ఫలితానికి నా పూచీ లేదు.

పోనీ మన దగ్గర సరుకు లేక దిగుమతి చేసుకున్నామా? పొగరు, గీర, టెక్కు, బడాయి, మిడిసిపాటు... ఒక్కో మోతాదుకీ ఒక్కో మాట ఉంది. మన ప్రాచీన దర్శనాల్లో ఒకటైన సాంఖ్యం వాళ్లైతే అహంకారాన్ని ఏకంగా ఒక తత్త్వంగా లెక్కగట్టారు. ముందు బుద్ధి, దాన్నుంచి అహంకారం, ఆ తర్వాతే మనసు, కళ్లు, చెవులు వగైరా. అంటే కళ్లూ చెవులూ అహంకారం కన్న పిల్లలన్నమాట. అవి ఎవరి మాట వింటాయో వేరే చెప్పాలా?

ఇన్ని ఉండగా ఈగో దేనికంటే, మర్యాద కోసం. 'నీకు పొగరు' అంటే కాలర్ పట్టుకుంటారు. 'నీకు ఈగో ప్రాబ్లమ్ ఉంది' అంటే రక్తపరీక్ష రిపోర్టు చదివినట్టుంటుంది. తిట్టినవాడు డాక్టరు, తిట్టించుకున్నవాడు పేషెంటు. పైగా పొగరు అణుగుతుంది, గర్వం భంగమవుతుంది, రెండూ పరువు తక్కువ పనులు. ఈగో మాత్రం హర్ట్ అవుతుంది. హర్ట్ అయినదాన్ని నలుగురూ వచ్చి పరామర్శించాలి.

అసలు కిటుకు వ్యాకరణంలో ఉంది. వాడు ప్రథమ పురుష, నువ్వు మధ్యమ పురుష, నేను ఉత్తమ పురుష. ఈ పేర్లు నేను పెట్టలేదు. ఉత్తముడికి ఈగో ఎందుకుంటుంది? ఉండేది ఆత్మాభిమానం. పైగా తెలుగులో నేనుని దాచుకునే సదుపాయం కూడా ఉంది. 'వచ్చాను' అంటే చాలు, చివరి 'ను'లో ముడుచుకుని కూర్చుంటుంది. ఇంగ్లీషువాడు దాన్ని ప్రతిసారీ పెద్దక్షరంలో నిలబెట్టాల్సిందే.

నా సంగతికొస్తే, పాతికేళ్ల స్నేహితుడితో నాలుగు నెలలుగా మాటల్లేవు. నేను ఆరు పేరాల మెసేజ్ పెడితే వాడు ఒక బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకున్నాడు.

"ఈగోకి పోకండి. ఒక్క ఫోన్ చేస్తే ఏం పోతుంది?" అంది మా ఆవిడ.

"ఫోన్‌కేముంది, చేస్తాను. ముందు ఎవరన్నదే పాయింటు. వ్యాకరణం ప్రకారం వాడు ప్రథమ పురుష. ప్రథమం వాడే చేయాలి."

"అదేగా ఈగో అంటే!"

"అది ప్రిన్సిపుల్."

ఆవిడ చదువుతున్న పుస్తకంలో పేజీ తిప్పింది.

రాత్రిళ్లు చాట్ తెరిచి చూసేవాణ్ని. వాడి పేరు కింద 'టైపింగ్' అని పడేది. ఊపిరి బిగబట్టేవాణ్ని. ఆగిపోయేది. నేనూ రెండు ముక్కలు కొట్టి చెరిపేసేవాణ్ని. అవతల వాడికీ అదే కనపడి ఉంటుంది.

మొన్న ఫోన్ మోగింది. వాడే. వెంటనే ఎత్తితే కాచుక్కూర్చున్నాననుకుంటాడని నాలుగు రింగులు లెక్కపెట్టి ఎత్తాను.

"ఏంట్రా?"

"ఏం లేదురా, జేబులో చెయ్యి తగిలి కాల్ వెళ్లినట్టుంది."

నేను నమ్మాను. అంతకుముందు వారం నాకూ అలాగే తగిలింది, సగం రింగుకే కట్ చేశాను. తర్వాత నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం, బొటనవేలి ప్రస్తావన రాకుండా. ముందు ఫోన్ చేసింది మాత్రం ప్రథమ పురుషే. ఇది రికార్డులో ఉండాలి.