డైలాగే వినపడనప్పుడు సౌండ్‌బార్ ఎన్ని వాట్లయితే ఏం లాభం?

32 అంగుళాలు దాటిన టీవీలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18 శాతానికి దిగింది. అదే డబ్బుకు కాస్త పెద్ద తెర వస్తోంది. కానీ తెర పెరిగినంత మాత్రాన మాట స్పష్టంగా వినపడదు. నేటి టీవీలు ఎంత పలుచగా తయారవుతున్నాయో వాటి స్పీకర్లకు లోపల అంత చోటు తగ్గిపోయింది. చాలా మోడళ్లలో అవి కింది అంచున నేల వైపు తిరిగి ఉంటాయి. శబ్దం ముందుగా టీవీ స్టాండుకో గోడకో తగిలి, ఆ తర్వాతే మన చెవికి చేరుతుంది. అందుకే ఇంట్లో సినిమా చూస్తున్నంతసేపూ రిమోట్ చేతిలోనే ఉంటుంది. హీరో, తండ్రి మాట్లాడుకుంటుంటే వాల్యూమ్ 35కి పెంచాలి, ఫైట్ మొదలవగానే 15కి దించాలి.

ఇందులో టీవీ తప్పు సగమే. థియేటర్ కోసం శబ్దాన్ని ఐదు ఛానళ్లుగా (దారులుగా), బాస్‌ను విడిగా పంచి చేసిన 5.1 మిక్సింగ్‌లో డైలాగు ప్రధానంగా మధ్య ఛానల్‌లో, అంటే తెర వెనుక నడిమి స్పీకర్‌లో ఉంటుంది. పాట, నేపథ్య సంగీతం, పేలుళ్లు మిగతా ఛానళ్లలో పరుచుకుని ఉంటాయి. రెండే స్పీకర్లున్న టీవీ ఆ ఛానళ్లన్నింటినీ రెండింటిలోకి కుదిస్తుంది. మాట కూడా అదే రద్దీలో నలిగిపోతుంది. పైగా థియేటర్‌లో గుసగుసకూ పేలుడుకూ మధ్య ఉండే అంతరాన్ని ఇంట్లో ఫ్యాను, మిక్సీ, వీధి చప్పుళ్ల మధ్య తట్టుకోలేం. గుసగుస ఫ్యాను శబ్దంలోనే కలిసిపోతుంది.

దీనికి విరుగుడుగా జనం టీవీ కింద పెట్టే పొడవాటి స్పీకర్, అంటే సౌండ్‌బార్ కొంటున్నారు. కొనాల్సిన వస్తువు అదే, అందులో సందేహం లేదు. కాకపోతే ఏ బార్ కొనాలో నిర్ణయించేది అట్టపెట్టె మీద పెద్ద అక్షరాల్లో వేసిన వాట్లు, ‘అట్మాస్’ (పైనుంచి కూడా శబ్దం వస్తున్నట్టు వినిపించే డాల్బీ పద్ధతి) ముద్ర. మాట వినపడటానికి ఆ రెండింటితో ఉన్న సంబంధం చాలా తక్కువ. చూడాల్సింది ఛానళ్ల అంకె, వైరు పెట్టే పోర్టు, గది.

ముందు ఛానళ్ల సంగతి. 2.1, 3.1, 5.1.2 అని రాసి ఉంటుంది కదా, అందులో మొదటి అంకె చెవి ఎత్తులో ఉండే ఛానళ్లది. రెండోది బాస్ మోగించే పెట్టె, సబ్‌వూఫర్‌ది. మూడోది ఉంటే పైకప్పు వైపు శబ్దం పంపే స్పీకర్లది. 2.1లో మధ్య స్పీకర్ ఉండదు. మధ్య ఛానల్‌ను విడిగా పెంచుకునే వీలు ఉండదు, వాల్యూమ్ పెంచితే అన్నీ కలిసే పెరుగుతాయి. 3.1లో నడిమి స్పీకర్ ఉంటుంది, చాలా మోడళ్లలో ‘సెంటర్ లెవల్’, ‘వాయిస్’ పేరుతో దాన్ని ఒక్కదాన్నే పెంచుకోవచ్చు. 10 అడుగులకు 12 అడుగుల పడకగదికో, మామూలు ఫ్లాట్ హాలుకో డైలాగు కోసమే బార్ కొంటున్నవారికి ధర దగ్గరదగ్గరగా ఉన్న 5.1.2 కంటే మంచి 3.1 మేలు. అదే ఖర్చుతో ఎక్కువ స్పీకర్లు ఇరికించాలంటే ఒక్కో స్పీకర్ నాణ్యత తగ్గక తప్పదు. ‘వర్చువల్ అట్మాస్’ అని రాసిన 2.1 బార్‌కు అదనపు స్పీకర్లేమీ ఉండవు. సాఫ్ట్‌వేర్‌తో శబ్దాన్ని విప్పి చూపిస్తుంది, అంతే. ఆ మోడ్‌లో మాట ఇంకాస్త పలచబడటం తరచూ చూస్తాం.

వాట్ల గురించి దుకాణంలో ఎవరూ చెప్పని లెక్క ఒకటుంది. బార్‌తో వచ్చే అడాప్టర్‌ను తిప్పి, దాని మీది చిన్న అక్షరాలు చదవండి. అవుట్‌పుట్ 18 వోల్టులు, 1.5 ఆంపియర్లు అని ఉంటే రెండింటినీ గుణించాలి, 27 వాట్లు. ఆ అడాప్టర్ నిలకడగా ఇవ్వగలిగింది అంతే. అందులో కొంత ఆంప్లిఫయర్ వేడిగా పోతుంది, మరికొంత బ్లూటూత్, డిస్‌ప్లే తింటాయి. పెట్టె మీద మాత్రం 120 అనో 160 అనో ఉంటుంది. లోపలి కెపాసిటర్ల సాయంతో రెప్పపాటు కాలం ఎక్కువ ఇవ్వగలదు, ఆ క్షణాన్ని పట్టుకుని రాసిన అంకె అది. లేదంటే శబ్దం 10 శాతం వికారమయ్యేదాకా లాగి కొలిచిన అంకె. అడాప్టర్ లేకుండా నేరుగా ప్లగ్గుకు పెట్టే మోడళ్లలో సబ్‌వూఫర్ వెనుక, బార్ వెనుక విద్యుత్ వినియోగం వాట్లలో రాసి ఉంటుంది. ఆ రెండూ కూడితే అసలు సంగతి కొంతవరకు తెలుస్తుంది. ఇంకో మాట. నిజమైన 100 వాట్ల నుంచి నిజమైన 200 వాట్లకు పోయినా పెరిగేది 3 డెసిబెళ్లే. శ్రద్ధగా వింటే తెలిసే తేడా అది. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెళ్లు కావాలి, అంటే పది రెట్లు శక్తి. ఇంటి హాల్లో మంచి 60 వాట్లు చాలినంత.

డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా కనెక్షన్ దగ్గరే. బ్లూటూత్‌లో కలిపేసి వదిలేసిన బార్లు చాలా ఇళ్లలో కనిపిస్తాయి. బ్లూటూత్‌లో వెళ్లేది రెండు ఛానళ్ల శబ్దమే. 3.1 కొన్నా దానికి అందేది 2 మాత్రమే. పైగా శబ్దం సెకనులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా ఆలస్యమవుతుంది, పెదవులు ముందు కదులుతాయి, మాట తర్వాత వస్తుంది. ఆప్టికల్ వైరు దానికంటే నయం, డాల్బీ డిజిటల్ అనే కుదించిన ఆడియో ఫార్మాట్‌లో 5.1 వరకు మోస్తుంది. ఓటీటీలు వాడే డాల్బీ డిజిటల్ ప్లస్‌ను మాత్రం మోయలేదు, టీవీ దాన్ని మార్చి పంపాల్సిందే. అసలు దారి హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ.

2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన ఏఆర్‌సీ శబ్దాన్ని టీవీ నుంచి బార్‌కు వెనక్కి పంపుతుంది. 2017లో హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చిన ఈఏఆర్‌సీ అదే పనిని చాలా వెడల్పాటి దారిలో చేస్తుంది. ఏఆర్‌సీ సామర్థ్యం సుమారు 1 ఎంబీపీఎస్, ఈఏఆర్‌సీది 37 ఎంబీపీఎస్. ఈ అంకెలు చూపించి పాత టీవీ మార్చేయమంటే ఒప్పుకోవద్దు. ఓటీటీల్లో వచ్చే అట్మాస్ డాల్బీ డిజిటల్ ప్లస్‌లోనే ఇమిడి ఉంటుంది. నెట్‌ఫ్లిక్స్‌లో అది గరిష్ఠంగా 768 కేబీపీఎస్, అంటే ఏఆర్‌సీలో పడుతుంది. ఈఏఆర్‌సీ తప్పనిసరిగా కావాల్సింది బ్లూరే డిస్కుల్లో ఉండే ట్రూహెచ్‌డీ అనే నాణ్యత తగ్గని ఆడియోకీ, గేమ్ కన్సోల్ పంపే బహుళ ఛానళ్ల పీసీఎంకీ (కుదించని శబ్దానికీ). సాయంత్రం ఓటీటీలో తెలుగు సినిమా చూసే ఇంటికి ఏఆర్‌సీ చాలు. అయితే నెట్‌ఫ్లిక్స్‌లో 4కే, అట్మాస్ రెండూ ప్రీమియం ప్లాన్‌లోనే ఉంటాయి. కింది ప్లాన్ పెట్టుకుని బార్‌లో అట్మాస్ వెలగలేదని సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి లాభం లేదు.

కలిపే పద్ధతిలో తప్పు జరిగేది పోర్టు దగ్గర. టీవీకి మూడు నాలుగు హెచ్‌డీఎంఐ పోర్టులున్నా వాటిలో ఒక్కదాని పక్కనే ‘ఏఆర్‌సీ’ లేదా ‘ఈఏఆర్‌సీ’ అని ఉంటుంది. బార్ వెనుక ‘హెచ్‌డీఎంఐ అవుట్’ లేదా ‘టీవీ ఏఆర్‌సీ’ అన్నదాన్నే దానికి కలపాలి. గోడకు బిగించాక ఆ పోర్టు చూడాలంటే టీవీని దించాల్సి వస్తుంది. కాబట్టి బిగించేవారు ఉండగానే వైరు పెట్టించాలి. గోడకూ టీవీకీ మధ్య చోటు లేక వైరు ఒక్కసారిగా మడత పడితే కొన్ని నెలలకు పిన్నుల దగ్గర పట్టు వదులుతుంది, ఎల్ ఆకారపు కనెక్టర్ వాడితే ఆ బాధ ఉండదు. ఏఆర్‌సీకి ఒకటిన్నర, రెండు మీటర్ల మామూలు ‘హై స్పీడ్’ కేబుల్ సరిపోతుంది. బంగారు పూతకు వేలు పోయక్కర్లేదు. 4కేలో 120 హెర్ట్జ్ గేమింగ్ కావాలంటేనే స్కాన్ చేసి చూసుకునే లేబుల్ ఉన్న 48 జీబీపీఎస్ ‘అల్ట్రా హై స్పీడ్’ కేబుల్ తీసుకోవాలి.

తర్వాత మెనూ. ముందుగా సీఈసీ, అంటే హెచ్‌డీఎంఐ వైరు ద్వారా పరికరాలు ఒకదాన్నొకటి నియంత్రించే సదుపాయం, ఆన్ చేయాలి. శాంసంగ్‌లో దాని పేరు ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. ఇది ఆఫ్‌లో ఉంటే చాలా టీవీల్లో ఏఆర్‌సీ పనిచేయదు. టీవీ రిమోట్‌తో బార్ వాల్యూమ్ మారేదీ దీనివల్లే. ఆ తర్వాత సౌండ్ అవుట్‌పుట్‌ను హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీకి మార్చి, డిజిటల్ ఆడియో ఫార్మాట్‌ను ‘పీసీఎం’ నుంచి ‘ఆటో’కో, వచ్చిన శబ్దాన్ని మార్చకుండా పంపే ‘పాస్ త్రూ’కో తిప్పాలి. పీసీఎంలో వదిలేస్తే సాధారణ ఏఆర్‌సీలో బార్‌కు రెండు ఛానళ్లే చేరతాయి, మధ్య స్పీకర్ కొన్న ప్రయోజనం సగం పోతుంది. ఇంత చేసినా శబ్దం రాకపోతే టీవీ, బార్ రెండింటి ప్లగ్గులూ పీకి రెండు నిమిషాలు ఆగి, ముందు టీవీ, తర్వాత బార్ పెట్టండి. రిమోట్‌తో ఆపితే స్టాండ్‌బైలోకి పోతుందే తప్ప రెండు పరికరాలూ ఒకదాన్నొకటి కొత్తగా గుర్తుపట్టవు.

పెన్‌డ్రైవ్‌లో వేసిన సినిమాకు బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే బార్‌ను నిందించొద్దు. ఆ ఫైలులోని ఆడియో డాల్బీకి పోటీగా ఉన్న డీటీఎస్ ఫార్మాట్ అయి ఉండొచ్చు. శాంసంగ్ 2018 నుంచి తన టీవీల్లో డీటీఎస్‌ను తీసేసింది. ఇంకో భాషా ట్రాక్ మార్చి చూస్తే విషయం తెలిసిపోతుంది.

పెదవులకూ మాటకూ పొత్తు కుదరనప్పుడు ఏది ముందు వస్తోందో మొదట గమనించాలి. మాట ముందుగా వస్తుంటే బార్‌లోని ఆడియో డిలేను 20, 40 మిల్లీసెకన్లు పెంచుకుంటూ పోవాలి. మాట వెనకబడితే ఆ డిలే ఇంకా పెంచడం పొరపాటు, బార్ శబ్దాన్ని ఆపగలదే గానీ ముందుకు జరపలేదు. అప్పుడు డిలేను సున్నా చేసి, సరౌండ్ ఎఫెక్టులు తీసేసి, టీవీలో ఆటో నుంచి పాస్ త్రూకు మార్చి చూడాలి.

ఓటీటీలో ఆడియో ఎంపిక దగ్గర కొన్ని సినిమాలకు ‘తెలుగు’ అని ఒకటి, ‘తెలుగు 5.1’ అని ఇంకొకటి ఉంటాయి. 3.1 ఆపై బార్ ఉంటే రెండోది. టీవీ స్పీకర్లు గానీ 2.1 బార్ గానీ అయితే మొదటిదే పెట్టండి. రెండు ఛానళ్ల కోసమే తయారైన ట్రాక్‌లో మాట చాలాసార్లు ముందుకు వస్తుంది. రాత్రిపూట ‘నైట్ మోడ్’ పెడితే పేలుడు తగ్గి గుసగుస పెరుగుతుంది. వినికిడి కాస్త తగ్గిన పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో పగలు కూడా అదే ఉంచితే మంచిది.

ఇక గది. విట్రిఫైడ్ టైల్స్ నేల, ఖాళీ గోడలు, గాజు కిటికీలు, మన హాళ్లలో శబ్దం ఆగే చోటే ఉండదు. ప్రతి మాట వెనుకా దాని ప్రతిధ్వని తోకలా వస్తుంది. సోఫా ముందు ఒక మందపాటి తివాచీ, కిటికీకి బరువైన పరదా వేస్తే వచ్చే స్పష్టత సౌండ్‌బార్ మోడల్ మార్చినా రాదు. బార్‌ను షోకేసు అరలో వెనక్కి తోయకూడదు, ముందు అంచు దాకా లాగి పెట్టాలి. సబ్‌వూఫర్‌ను మూలకు గానీ దివాన్ కిందకు గానీ నెడితే బుస్సుమని మోగి మాటను మింగేస్తుంది. టీవీ ఉన్న గోడ వైపే మూలకు ఒకటిన్నర, రెండు అడుగుల దూరంలో పెట్టి, మగ గొంతు మొద్దుబారకుండా ఉండేదాకా లెవల్ తగ్గించాలి.

పైకి శబ్దం పంపే స్పీకర్లున్న అట్మాస్ బార్‌కు చదునైన, గట్టి పైకప్పు ఉండాలి. డాల్బీ సూచించే ఎత్తు ఏడున్నర నుంచి పన్నెండు అడుగులు. మామూలు స్లాబు ఇళ్లకు ఎత్తుతో పేచీ లేదు. పేచీ పెట్టేవి మెట్లుమెట్లుగా దించిన పీఓపీ ఫాల్స్ సీలింగు, శబ్దం ఎగిరి దిగాల్సిన దారిలో తిరిగే ఫ్యాను. పెంకుటిల్లు, రేకుల ఇల్లు అయితే ఆ స్పీకర్లకు డబ్బు పెట్టడం దండగ.

వానాకాలంలో ఇంకో ప్రమాదం. టీవీ లోహపు అంచునో, కేబుల్ టీవీ వైరు చివరనో తాకితే చిమచిమ అనిపిస్తే ఎర్తింగ్ లోపమో, బయటి వైరు నుంచి విద్యుత్ లీకేజీయో ఉండొచ్చు. ఆ స్థితిలో కరెంటు ఉండగా హెచ్‌డీఎంఐ పెట్టడం, తీయడం వల్ల పోర్టు కాలిపోవచ్చు, పోర్టు పోతే చాలా మోడళ్లలో మదర్‌బోర్డే మార్చాలంటారు. టీవీ, సెట్‌టాప్ బాక్స్, బార్ మూడూ ఎర్తింగ్ ఉన్న ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో ఉండాలి. ఉరుములు మొదలవకముందే ప్లగ్గుతో పాటు డిష్ నుంచో కేబుల్ నుంచో వచ్చే వైరును కూడా విప్పాలి. స్టెబిలైజర్ కాపాడేది కరెంటు దారినే, పిడుగు పోటు ఆ రెండో దారిలోనూ వస్తుంది.

కొనేముందు దుకాణంలో పెట్టే డెమో వీడియో మీద ఆధారపడకండి, అది బార్ బలాల కోసమే ఎంచుకున్నది. ఇద్దరు నెమ్మదిగా మాట్లాడుకునే తెలుగు సన్నివేశం పెట్టించి, వాల్యూమ్ బాగా తగ్గించి, పది అడుగుల దూరం నుంచి వినండి. ఇంటికి వచ్చి బిగించినప్పుడు ఓటీటీలో 5.1 సినిమా ఆడించి బార్ డిస్‌ప్లే మీద ‘డాల్బీ’ అని వస్తోందో లేదో చూడండి, డిస్‌ప్లే లేని మోడళ్లలో దాన్ని సూచించే లైటు రంగు మాన్యువల్‌లో ఉంటుంది. ‘పీసీఎం’ అనో ‘బ్లూటూత్’ అనో కనిపిస్తుంటే, అది మార్చి చూపించేదాకా ఇన్‌స్టాలేషన్ కాగితం మీద సంతకం పెట్టవద్దు.