స్పాండిలో గారి తోక

మహారాజశ్రీ స్పాండిలో గారికి,

హైదరాబాదు మెడనొప్పుల జనం నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అందామంటే మెడ ఒప్పుకోవడం లేదు.

గ్రీకులో తమరంటే వెన్నుపూస. అంతే, జబ్బేమీ లేదు. జబ్బంతా తమరి పేరు చివర తగిలించే తోకలో ఉంది, దాన్నే మావాళ్లు చూడరు. అమీర్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా స్కూటీ మీద తిరిగి మెడ పట్టేసిన మనిషిని కదిలించండి, "స్పాండిలైటిస్ అండీ" అంటాడు. చేతిలోని రిపోర్టులో సి5–సి6 దగ్గర, అంటే మెడలో ఐదో ఆరో పూసల మధ్య, స్పాండిలోసిస్ అని ఉంటుంది. ఇంకొకాయన "నాకు సర్వైకల్ ఉంది" అంటాడు. అంటే మెడ ఉందని. సంతోషం.

ఓసిస్ ఇక్కడ అరుగుదల: పూసల మధ్య మెత్తలాంటి డిస్కులో నీరు తగ్గుతుంది, పూసల అంచుల్లో ఎముక ముళ్లలా పెరుగుతుంది. 50 దాటాక ఎక్స్‌రే తీస్తే నొప్పి లేనివాళ్లలోనూ చాలామందికి కనబడుతుంది. ఐటిస్ అంటే వాపు. అసలు సిసలు ఆంకిలోజింగ్ (బిగదీసే) స్పాండిలైటిస్ ఎక్కువగా 40 ఏళ్లలోపే మొదలవుతుంది. పొద్దున లేచేసరికి నడుం కర్రలా బిగుసుకుంటుంది, నాలుగడుగులు తిరిగితే సడలుతుంది, పడుకుంటే మళ్లీ మొదటికే. ఆ కుర్రాడు డాక్టరు దగ్గరికి వెళ్తానంటే, "మీ బాబాయికీ అదేగా, జండూబామ్ రాసుకో" అంటారు ఇంట్లో. పేరు పంచుకున్న పాపానికి వాడికి ఏళ్లు గడిచిపోతాయి.

లైసిస్ తగిలిస్తే పూస వెనక సన్నటి చోట పగులు, ఎక్కువగా ఐదో నడుంపూసలో. లిస్థెసిస్ అయితే పూసే కిందిదాని మీద జారడం. పావు వంతు లోపు జారితే గ్రేడ్ 1, సగం దాకా అయితే గ్రేడ్ 2. నోరు తిరక్క మావాళ్లు అన్నిటికీ కలిపి "గ్యాప్ వచ్చింది" అనేస్తారు.

తమరి పొరుగున మైలో గారున్నారు. నల్లీ బొక్క చప్పరించే ఊరికి ఆయన్ని పరిచయం చెయ్యాలా? మూలుగే. కాకపోతే గ్రీకులు వెన్ను లోపలి తాడునూ మూలుగే అనుకున్నారు. మనకది పాములా కనబడి వెన్నుపాము అయింది. అందుకే మైలోమా మూలుగలో క్యాన్సరు, మైలోపతి వెన్నుపాము జబ్బు. మైలోపతిని మైలోమా అనుకుని ఇల్లంతా ఏడుస్తుంది. క్యాన్సర్ కాదని తేలగానే రిపోర్టు బీరువాలో పడుతుంది. అక్కడ రోగికేమో చొక్కా బొత్తాం పెట్టుకోబోతే వేళ్లు తడబడుతుంటాయి, కాలి నుంచి చెప్పు జారినా తెలియదు. నొప్పి లేదుగా అని మళ్లీ ఊరుకుంటారు.

కాబట్టి ఇకమీదట తోక జతపరచనిదే మా ఊళ్లోకి దయచేయవద్దని మనవి.

ఇట్లు,
మెడకు కాలరు పట్టీతో, పక్కకు తిరగలేక నేరుగానే చూస్తున్న జనం