చుట్టాలను చూసి ఏడ్చే పిల్లల విషయమై

ఎనిమిది నెలల పసివాళ్ళు ఇంటికి వచ్చిన పెద్దమనుషులను చూడగానే మొహం తిప్పుకుని, తల్లి భుజంలో తల దూర్చి, నాలుగిళ్ళ అవతలికి వినబడేలా ఏడవడం నానాటికీ ఎక్కువవుతున్నా, దీని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడకపోవడం విచారకరం. చుట్టరికాలు నిలబెట్టడానికి రెండు బస్సులు మారి, అరడజను యాపిల్ పళ్ళు కొనుక్కుని, లిఫ్టు పనిచేయని అపార్ట్‌మెంటులో మెట్లెక్కి వచ్చినవారికి జరుగుతున్న ఈ పరాభవాన్ని అతిథుల పక్షాన పాఠకుల దృష్టికి తేవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మా ఆక్షేపణ ఏడుపు మీద కాదు, మాట మార్చడం మీద. ఇదే శిశువు రెండు నెలల వయసులో మేము పలకరించగానే బోసినోరు తెరిచి నవ్వాడు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పిల్లలకు ఎదుటి మనిషిని చూసి నవ్వడం అలవడుతుందనీ, ఆ రోజుల్లో ఆ నవ్వు దాదాపు ఏ మొహానికైనా దక్కుతుందనీ వైద్యులు అంటారు గాని, మేము మాత్రం దానిని మా వ్యక్తిత్వానికి జరిగిన సన్మానంగానే స్వీకరించాం. "నన్ను చూస్తే చాలు, ఎలా నవ్వుతాడో" అని బంధువులందరికీ చెప్పుకున్నాం. ఆరు నెలలు తిరిగేసరికి ఆ మనిషే మమ్మల్ని ఎరగనట్టు ప్రవర్తిస్తే మా పరువేం కావాలి?

శాస్త్రవేత్తలు ఈ అవిధేయతను అరికట్టకపోగా వెనకేసుకొస్తున్నారు. రెనే స్పిట్జ్ అనే మనోవిశ్లేషకుడు దీనికి 'ఎనిమిదో నెల ఆందోళన' అని నామకరణం చేసి, నేరానికి ఒక హోదా కల్పించాడు. ఆ వయసుకు బిడ్డకు తనవాళ్ళెవరో, కానివాళ్ళెవరో బాగా తెలిసిపోతుందట. తెలిసింది కనుకనే జంకుతాడట. కాబట్టి ఆ ఏడుపు బుద్ధి వికసించిందనడానికి గుర్తేనట. మమ్మల్ని చూసి జడుసుకోవడం తెలివితేటలకు నిదర్శనమని మా ముందే చెప్పగలిగిన ఆ ధైర్యాన్ని మెచ్చుకోకుండా ఉండలేం.

అదృష్టవశాత్తూ మన ఇళ్ళలో ఈ వాదనలు చెల్లవు. తల్లి తన చీర కుచ్చిళ్ళను పట్టుకున్న పిడికిలిని విడిపించి, "వెళ్ళు నాన్నా, తాతయ్య కదా" అంటూ బిడ్డను మాకు అందిస్తుంది. బిడ్డ వెన్ను విరుచుకుని గుక్కపెడతాడు. "నన్నే మర్చిపోయావట్రా? బారసాలకు వెండి గిన్నె ఎవరిచ్చారనుకున్నావు?" అని మేము ఆధారాలతో సహా నిలదీస్తాం. అప్పటికి ఇరవయ్యొక్క రోజుల వయసున్నంత మాత్రాన ఆ గిన్నె సంగతి మరిచిపోవచ్చునా? అప్పటికీ ఏడుపు ఆగకపోతే తల్లివైపు తిరిగి, "మీరు వీణ్ణి నలుగురిలో తిప్పడం లేదమ్మా, అందుకే" అని దోషిని తేల్చి, జంతికల పళ్ళెం దగ్గరకు జరుపుకుంటాం.

దీనికి విరుగుడు ఉందని కూడా పండితులు చెబుతున్నారు. 1985లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో ఏడాది వయసు పిల్లలను గాజు పలక మీద పాకనిచ్చారు. సగం దాటాక గాజు కింద నేల అడుగు లోతున ఉన్నట్టు కనబడుతుంది. అక్కడికి వచ్చేసరికి పిల్లలు ఆగి, ఎదురుగా ఉన్న తల్లి మొహం చూశారు. తల్లి సంతోషంగా కనిపించినప్పుడు చాలామంది దాటారు. భయపడుతున్నట్టు మొహం పెట్టినప్పుడు ఒక్కరూ దాటలేదు. దీన్నిబట్టి, అతిథి బిడ్డ మీదికి ఉరకకుండా ముందు తల్లితో నాలుగు మాటలు నవ్వుతూ మాట్లాడితే, బిడ్డ ఆమె మొహంలో అనుమతి చదువుకుని కాసేపటికి తానే దగ్గరికి వస్తాడని వారి అభిప్రాయం. ఆలోచన బాగానే ఉంది గాని, బిడ్డను ఎత్తుకుని ఫొటో తీయించుకోవడానికి వచ్చినవారు ఆ బిడ్డ తల్లితో మాట్లాడుతూ కూర్చోవాలనడం ఆచరణలో కుదిరే పని కాదు.

తల్లి ఉద్యోగానికి వెళ్ళే ఇళ్ళలో మరో ఉపాయం అమల్లో ఉంది. బిడ్డ ఆటలో ఉండగా, "వాడు చూడకముందే వెళ్ళిపో" అని పెద్దలు హెచ్చరిస్తారు; ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని సొంత ఇంట్లోంచి దొంగలా జారుకుంటుంది. మేరీ ఎయిన్స్‌వర్త్ అనే ఆవిడ తల్లీబిడ్డల అనుబంధాన్ని ముందు ఉగాండాలోనూ, తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లోనూ పరిశీలించి, తల్లి గదిలోంచి వెళ్ళినప్పుడు ఏడ్చినా, తిరిగి రాగానే ఆమె ఒడిలో ఊరట పొంది మళ్ళీ బొమ్మల దగ్గరికి పోయే బిడ్డ బంధం గట్టిదని తేల్చింది. అంటే ముఖ్యం తిరిగి రావడమూ, వస్తుందన్న నమ్మకమూ అన్నమాట. చెప్పి వెళితే రెండు నిమిషాలు ఏడుస్తాడు. చెప్పకుండా వెళితే రోజంతా తలుపువైపు చూస్తాడు. రెండోదానిలో శబ్దం ఉండదు కనుక పెద్దలు దానికే ఓటు వేస్తున్నారు.

న్యాయవ్యవస్థ విషయంలో మాత్రం మన ఇళ్ళను మించినవి లేవు. బిడ్డ తడబడి పడగానే బామ్మగారు పరుగున వచ్చి, "మా బంగారాన్ని పడేసిందా, ఉండు దీని పని చెబుతా" అంటూ నేలను రెండు దెబ్బలు వేస్తారు. గడప, బల్ల, కుర్చీ కాలు, విట్రిఫైడ్ టైల్సు, దేనికీ మినహాయింపు లేదు. ముద్దాయి వాదన వినకుండానే శిక్ష అమలవుతుంది. బాధితుడు కళ్ళు తుడుచుకుని తానూ ఒక దెబ్బ వేసి తృప్తిపడతాడు. "నొప్పిగా ఉందా నాన్నా, భయమేసిందా" అని బాధకు పేరు పెట్టి దగ్గరకు తీసుకుంటే చాలునని నిపుణులు అంటారు, కానీ ఆ పద్ధతిలో తప్పెవరిదో ఎప్పటికీ తేలదు. ఇలా శిక్షణ పొందిన బాలుడు ప్లేస్కూల్లో పక్కవాణ్ణి కొరికి, తన బ్లాకుల మేడను వాడే పడగొట్టాడని చెప్పినప్పుడు, "ఇవన్నీ ఎక్కడ నేర్చుకుంటున్నాడో" అని ఇంటిల్లిపాదీ ఆశ్చర్యపోవడం చూస్తే, ఆ ఇంటి నేల ఏమనుకుంటుందో!

మేము మా పిల్లవాణ్ణి వెంట తీసుకువెళ్ళినప్పుడు మరో సమస్య వస్తుంది. ఆ ఇంటి రెండేళ్ళ పిల్ల తన బొమ్మకారు ఇవ్వదు. ఆ వయసు పిల్లలు కలిసి ఆడుకోవడం తక్కువనీ, పక్కపక్కన కూర్చుని ఎవరి ఆట వారు ఆడుకుంటారనీ మిల్డ్రెడ్ పార్టెన్ 1932లోనే రాసింది. ఆ సంగతి మాకు అనవసరం. "ఇచ్చెయ్యమ్మా, మంచిపిల్లవు కదూ" అని లాక్కుని ఇప్పించి, ఉదారగుణం నేర్పామని సంతోషిస్తాం. మా కారు తాళాలు ఎవరైనా అడిగితే ఏం చేస్తామన్నది వేరే చర్చ.

ఆ ఇంట రెండో కాన్పు జరిగితే మాకు పండగే. మూడేళ్ళ అన్నగారిని పిలిచి, "నిన్ను తవుడుకు కొన్నార్రా, అసలు కొడుకు వీడే" అని నమ్మకంగా చెబుతాం. ఎగతాళిని ఎగతాళిగా పట్టుకోవడం పిల్లలకు ఆరేళ్ళ దాకా సరిగా చేతకాదు కనుక, వాడు ముందు మా మొహం, తర్వాత తల్లి మొహం చూస్తాడు. అందరూ నవ్వుతుంటారు. వాడి పెదవి వణకడం మొదలవగానే ఎవరో ఫోను తీస్తారు. ఇంతలో ఒకరు, "మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా?" అని మందలిస్తారు. ఏడిపించినవారే ఏడవకూడదని నిషేధించడం పరిపాలనలో ఉత్తమ సంప్రదాయం. ఆడపిల్లకు ఏడ్చే వెసులుబాటు ఉంది, కోపం తెచ్చుకునేదే లేదు.

కన్నీళ్ళు ఆరాక వాణ్ణి మధ్యలో నిలబెట్టి రైమ్ చెప్పమంటాం. రెండో లైనుకు వచ్చేసరికి మా ఫోనులో ఏదో మోగుతుంది. 1978లో ఎడ్వర్డ్ ట్రోనిక్, ఆయన సహచరులు ప్రచురించిన ప్రయోగంలో, బిడ్డతో ఆడుతున్న తల్లిని ఉన్నట్టుండి ఏ భావమూ లేని మొహంతో కూర్చోమన్నారు. శిశువు నవ్వి చూసి, ఆమె ఎంతకీ పలకకపోయేసరికి చివరికి మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ కాలంలో దానికి ఒక ప్రయోగశాల, తల్లికి ప్రత్యేక సూచనలు కావలసివచ్చాయి. నేడు ప్రతి సోఫాలోనూ, సాయంత్రం ఆరు దాటాక, ఎవరూ చెప్పకుండానే జరుగుతోంది. బిడ్డ మరీ విసిగిస్తే ఇంకో ఫోను వాడి చేతికే ఇస్తారు. ఏడాదిలోపు పిల్లలకు తెర అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన మాటను కూడా ఆ ఫోనులోనే చదివి ఉంటారు.

ఇంత శ్రమకు ఫలితం నాలుగేళ్ళ వయసులో కనబడుతుంది. ఎదుటివాడి మనసులో ఉన్నదీ, తనకు తెలిసినదీ వేరువేరని పిల్లలు దాదాపు అప్పుడే గ్రహిస్తారు. ఇక "అమ్మంటే ఇష్టమా, నాన్నంటే ఇష్టమా?" అని మేము అడిగితే, ఒకప్పుడు ఆలోచన లేకుండా నిజం చెప్పిన ఆ పిల్లవాడే, గదిలో ఎవరున్నారో చూసుకుని, అడిగినవారి చేతిలో చాక్లెట్టు ఉందో లేదో గమనించి, "మీరంటేనే ఇష్టం తాతయ్యా" అంటాడు. మమ్మల్ని చూసి ఏడవడు. అడగకుండానే నమస్కారం పెడతాడు. కానీ అలాంటి పిల్లలను ఎత్తుకోవాలని ఎందుకో మాకు అనిపించదు. అందుకే కాఫీ గ్లాసు కింద పెట్టి, వాళ్ళ అమ్మను అడుగుతుంటాం, ఇంకొకరిని ఎప్పుడు కంటున్నావని.