యూరియా బస్తా గారికి ఓ కౌలు రైతు ఉత్తరం

ఆయ్, బస్తా గారూ, బాగున్నారాండీ?

మొన్న తెల్లారుజామున నాలుగింటికే కొట్టు ముందు చెప్పులు వరసలో పెట్టి అరుగు మీద కూర్చున్నాను. తొమ్మిదింటికి తలుపు తీశారు. మిషన్ మీద వేలు పెడితే ముద్ర పడలేదు. దమ్ములో, కలుపులో అరిగిన వేలు కదా! పంచెతో తుడిచి నాలుగోసారి నొక్కితే మీరు బయటికొచ్చారు. మీ వెనకే నేనడగని నానో యూరియా సీసా ఒకటి, పెళ్లాంతోపాటు బావమరిది కూడా కాపురానికొచ్చినట్టు.

మీ ఒంటి మీద ధర రూ.266.50. అసలు ఖరీదు దానికి ఎన్నో రెట్లట, తేడా సర్కారు కడుతుందట. 2018లో మీరు 50 కిలోల నుంచి 45కి చిక్కారు. మిమ్మల్ని చూసేనేమో, మా మనవడూ డైటింగ్ మొదలెట్టాడు. నాలుగు మెతుకులు పెట్టుకుని అర కిలో చికెన్ లాగించి, "ప్రొటీన్ తాతా" అంటాడు. మా నాన్న హయాంలో కోడి తెగేది సంక్రాంతికీ, అల్లుడొచ్చినప్పుడూనూ. కుండెడన్నంలో ముక్క వెతుక్కునేవాళ్లం. ఇక భీమవరంలో చదివే మనవరాలు జీవహింసంటూ గుడ్డు కూడా మానేసింది. ఇద్దరికీ కుదిరిన మాట ఒక్కటే: అన్నం వద్దు.

మరి మీరు ఎవరి కోసమండీ? ఖరీఫ్‌లో సార్వాకీ, రబీలో దాళ్వాకీ మిమ్మల్ని జల్లి పండించిన వడ్లు మిల్లుకెళ్తాయి. అక్కడొచ్చిన తవుడేమో, దాన్నుంచి నూనె తీశాక చేపల చెరువుల్లో మేతవుతుంది. రేషన్ బియ్యాన్ని మా వీధిలో కొందరు గుమ్మంలోకొచ్చిన ఆటోవాడికి అమ్మేసి, ఆ డబ్బుతో ఆదివారం కోడి కూర వండుకుంటారు. వరికిచ్చిన సబ్సిడీ ఊరంతా తిరిగి మాంసం కూరలోనే తేలుతోందన్నమాట. రొయ్యల చెరువుకైతే ఈ చుట్టుతిరుగుడు కూడా లేదు, కరెంటు తిన్నగా యూనిట్ రూపాయిన్నరకే. తప్పుపట్టడం లేదండి, రొయ్యల ఇగురు నాకూ ఇష్టమే.

మీ సబ్సిడీని నగదు చేసి రైతు ఖాతాలో వేసేద్దామని ఢిల్లీలో ఏళ్ల తరబడి అనుకుంటున్నారు. ఆ మాట వింటే నాకు గుండె జారుతుంది. రైతంటే ఎవరండీ? పీఎం కిసాన్ వచ్చిన 2019 నుంచీ ఏటా రూ.6,000 మా పొలం ఆసామి ఖాతాలో పడుతోంది. ఆయన ఉండేది హైదరాబాద్‌లో. కౌలు బస్తాలు కొలిచే రోజున తప్ప గట్టెక్కరు, అదీ బూట్లతో. మీరు ఎంత తిప్పినా చివరికి నా భుజమ్మీదే ఇంటికొస్తున్నారు. నగదైపోయారా, ఆయన ఫోన్‌లో టింగుమంటారు.

ఉంటానండి. ఇవాళ ఆదివారం, చికెన్ కొట్టు దగ్గర మనవణ్ణి నిలబెట్టాను. రేపు మీ లోడు దిగుతుందంటే ఇక్కడ చెప్పులు పెట్టాను. అక్కడి వరసే పొడుగ్గా ఉంది.

ఇట్లు,
పాసు పుస్తకం లేని రైతు,
ఉండి మండలం