విధేయత ఒకవైపేనా?

2025 నవంబరు 4, మంగళవారం న్యూయార్క్ మేయర్ ఎన్నికలో ఇరవై లక్షల మందికి పైగా ఓటేశారు. 1969 తర్వాత ఆ నగరం ఇంత పోలింగ్ చూడలేదు. డెమోక్రటిక్ అభ్యర్థి, 34 ఏళ్ల జోహ్రాన్ మమ్దానీ సగానికి పైగా ఓట్లతో గెలిచారు. అదే నగరంలో ఓటరైన సెనేట్ డెమోక్రటిక్ పక్ష నేత చక్ షూమర్‌ను విలేకరులు ఒక్క ప్రశ్న అడిగారు: మీ ఓటు ఎవరికి? ఓటేశానన్నారు. కాబోయే మేయర్‌తో కలిసి పనిచేస్తానన్నారు. ఎవరికి వేశారో మాత్రం చెప్పలేదు.

రహస్య ఓటు ఆయన హక్కు, కాదనం. కానీ షూమర్ ఏ పార్టీకీ చెందని సామాన్య పౌరుడు కాదు. దేశంలో ఆ పార్టీకి పెద్దదిక్కుగా ఉన్న ఇద్దరు ముగ్గురిలో ఒకరు. బరిలో ఉన్నది ఆయన పార్టీ అభ్యర్థి. ఆ అభ్యర్థిని ఎంపిక చేసింది ఆయన పార్టీ ఓటర్లే. సొంత పార్టీ అభ్యర్థికి ఓటేశానని చెప్పడానికి ఒక నాయకుడికి నోరు పెగలలేదంటే అది మొహమాటం కాదు, రాజకీయం. ఏ స్థాయి నాయకుడైనా సరే, ఇది క్షమించదగ్గ రాజకీయం కాదన్నది మా అభిప్రాయం.

జూన్ 24 నాటి ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని పార్టీ ఓటర్లే ఎంచుకునే ఎన్నికలో, ఏం జరిగిందో చూడండి. పదకొండు మంది మహిళలను లైంగికంగా వేధించారని రాష్ట్ర అటార్నీ జనరల్ నివేదిక తేల్చాక, 2021 ఆగస్టులో గవర్నర్ పదవి వదులుకున్న ఆండ్రూ క్యూమో మళ్లీ తెరపైకి వచ్చారు. ఆయన వెనుక నిలిచిన సూపర్ ప్యాక్ (పరిమితి లేకుండా విరాళాలు తీసుకుని ఖర్చు పెట్టగల ప్రచార సంస్థ) రెండు కోట్ల డాలర్లకు పైగా గుమ్మరించింది. అందులో మాజీ మేయర్ బ్లూమ్‌బర్గ్ ఒక్కరి వాటాయే ఎనభై లక్షలు దాటింది. అటువైపు రాష్ట్ర అసెంబ్లీలో ఆస్టోరియా ప్రాంత సభ్యుడు మమ్దానీ, గడప గడపకూ తిరిగిన వేలాది వాలంటీర్లు, నగరవాసులిచ్చే చిన్న విరాళానికి ఎనిమిది రెట్లు జోడించే నగర ఎన్నికల నిధి. పది లక్షలకు పైగా డెమోక్రాట్లు ఓటేశారు. న్యూయార్క్ ప్రైమరీలో బయటివారికి చోటు లేదు, పార్టీ సభ్యులుగా నమోదైనవారే ఓటేయాలి. అంటే ఇది పూర్తిగా పార్టీ ఇంటి తీర్పు. క్యూమో ఆ రాత్రే ఓటమి ఒప్పుకున్నారు. మూడు వారాలైనా తిరగకముందే స్వతంత్ర అభ్యర్థిగా మళ్లీ బరిలో ఉంటానని ప్రకటించారు.

ఒక పార్టీకి పరీక్ష ఎదురయ్యేది ఇలాంటి క్షణంలోనే. అధిష్ఠానం ఏం చేసింది? గవర్నర్ కాథీ హోకుల్ సెప్టెంబరు దాకా ఆగి మద్దతు ప్రకటించారు. ప్రతినిధుల సభలో పార్టీ నేత హకీమ్ జెఫ్రీస్ నాలుగు నెలలు నాన్చి, ముందస్తు ఓటింగ్ మొదలవడానికి సరిగ్గా ఒకరోజు ముందు, అక్టోబరు 24న నోరు విప్పారు. సెనేటర్ కిర్‌స్టెన్ గిలిబ్రాండ్ చివరిదాకా మద్దతు ఇవ్వలేదు. రాష్ట్ర పార్టీ అధ్యక్షుడు జే జేకబ్స్ అయితే మద్దతు ఇచ్చేది లేదని బాహాటంగానే చెప్పారు. కాంగ్రెస్ సభ్యుడు టామ్ స్వాజీ ఏకంగా క్యూమో వైపు నిలిచారు. పోలింగ్‌కు ముందురోజు సాయంత్రం అధ్యక్షుడు ట్రంప్ కూడా క్యూమోకే ఓటేయమన్నారు. అప్పుడైనా షూమర్‌కు పక్షం తేల్చుకోవాలనిపించలేదు.

మమ్దానీ సోషలిస్టు, ఇజ్రాయెల్ విషయంలో ఆయన వైఖరి యూదు ఓటర్లలో ఆందోళన పెంచింది, న్యూయార్క్‌లో చెల్లే రాజకీయం ఎటైనా మొగ్గే స్వింగ్ రాష్ట్రాల్లో చెల్లదు, అదే మంగళవారం వర్జీనియాలో, న్యూజెర్సీలో గవర్నర్లుగా నెగ్గింది మధ్యేవాదులే అన్న వాదనలు ఉన్నాయి. వినదగ్గవే. అవన్నీ జూన్‌కు ముందే చెప్పారు. ఓటర్లు విన్నారు, తీర్పిచ్చారు. తీర్పు వచ్చాక కూడా అవే వాదనలు పట్టుకు వేలాడుతున్నారంటే అసలు ప్రైమరీ పెట్టడం దేనికి?

మమ్మల్ని కలవరపెడుతున్నది ఒక్క మమ్దానీ ఉదంతం కాదు. ప్రైమరీ ఫలితం పార్టీలోని వామపక్షం ఓడినప్పుడే చెల్లుతుంది, గెలిస్తే చెల్లదు అన్న సంప్రదాయం ఆ పార్టీలో మెల్లగా పాతుకుపోతోంది. దానికి చరిత్ర ఉంది.

2006లో కనెక్టికట్ సెనేటర్ జో లీబర్‌మన్ ఇరాక్ యుద్ధాన్ని వెనకేసుకొచ్చి ప్రైమరీలో నెడ్ లామాంట్ చేతిలో ఓడిపోయారు. స్వతంత్రంగా పోటీ చేసి గెలిచారు. పార్టీ ఆయన సీనియారిటీని కాపాడింది, కమిటీ అధ్యక్ష పదవీ ఇచ్చింది. 2008లో ఆయన రిపబ్లికన్ మహాసభ వేదికెక్కి ఒబామాకు వ్యతిరేకంగా మెక్‌కెయిన్ తరఫున మాట్లాడారు. అయినా డెమోక్రటిక్ సెనేటర్లు 42-13 ఓట్లతో ఆ పదవిని ఆయనకే ఉంచారు. ఇక 2021లో బఫలోలో నాలుగుసార్లు మేయరైన బైరన్ బ్రౌన్‌ను ఇండియా వాల్టన్ అనే నర్సు ప్రైమరీలో ఓడించారు. బ్రౌన్ సాదాసీదా నాయకుడేమీ కాదు, అంతకు రెండేళ్ల ముందు వరకు రాష్ట్ర పార్టీ అధ్యక్షుడు. బ్యాలట్‌పై పేరు లేకపోయినా తన పేరు రాయమని ఓటర్లను కోరి నవంబరులో గెలిచేశారు. అప్పుడు కూడా వాల్టన్‌కు మద్దతివ్వని రాష్ట్ర అధ్యక్షుడు ఎవరు? ఇదే జే జేకబ్స్. 2025 ఎన్నికలప్పుడూ ఆ కుర్చీలో ఆయనే ఉన్నారు.

ఇక్కడ షూమర్ గురించి ఒక నిజం చెప్పి తీరాలి, ఎందుకంటే అది ఆయన నేటి మౌనాన్ని ఇంకా తప్పుగా నిలబెడుతుంది. 2006లో సెనేట్ ప్రచార కమిటీకి అధ్యక్షుడిగా ఉన్నది ఆయనే. లీబర్‌మన్ ఓడిన మర్నాడే ఓటర్ల తీర్పు శిరోధార్యమంటూ లామాంట్ వెనుక నిలిచారు. 2021లో ఆలస్యంగానైనా వాల్టన్‌కు మద్దతు పలికారు. అంటే నియమం ఏమిటో ఆయనకు తెలియక కాదు. రెండుసార్లు పాటించిన నియమాన్ని మూడోసారి, అదీ తన సొంత నగరంలో, పక్కన పెట్టారు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. వామపక్ష సెనేటర్ బెర్నీ శాండర్స్ 2016లో హిల్లరీ క్లింటన్ చేతిలో, 2020లో బైడెన్ చేతిలో ఓడి, రెండుసార్లూ గెలిచినవారి తరఫున ప్రచారం చేశారు. 2022లో టెక్సస్‌లో వామపక్ష అభ్యర్థి జెస్సికా సిస్నేరోస్ ప్రైమరీలో 289 ఓట్ల తేడాతో ఓడారు. రీకౌంట్ అడిగారు, ఫలితం మారలేదు, తప్పుకున్నారు. 2024లో ప్రతినిధుల సభ వామపక్ష సభ్యుడు జమాల్ బోమన్‌ను ఓడించడానికి ఇజ్రాయెల్ అనుకూల లాబీ తాలూకు సూపర్ ప్యాక్ కోటీ నలభై లక్షల డాలర్లకు పైగా కుమ్మరించింది. మిస్సోరీలో కోరీ బుష్‌కూ అదే గతి పట్టింది. వారిద్దరూ స్వతంత్రులుగా నవంబరులో దిగి పార్టీ ఓటు చీల్చలేదు. దిగి ఉంటే ఇదే నాయకులు టీవీల్లో ఎంత గగ్గోలు పెట్టేవారో ఊహించడం కష్టమేమీ కాదు. ఎవరు గెలిచినా మన పార్టీకే ఓటేయండి అన్న నినాదం ఏళ్ల తరబడి వామపక్ష కార్యకర్తల నెత్తిన రుద్దింది వీరే.

అధిష్ఠానం తటస్థత మాట ఎత్తినప్పుడల్లా ఎవరి కోసం ఎత్తిందో గమనించండి. 2019లో పార్టీ ప్రచార కమిటీ ఒక హుకుం జారీ చేసింది. సిట్టింగ్ సభ్యులపై ప్రైమరీలో పోటీచేసేవారికి పనిచేసే కన్సల్టెంట్లకు, సంస్థలకు ఇక తమ కాంట్రాక్టులు దక్కవని దాని సారాంశం. సిట్టింగులను కాపాడుకోవడమే సూత్రమన్నారు. మరుసటి ఏడాది మసాచుసెట్స్‌లో సిట్టింగ్ సెనేటర్ ఎడ్ మార్కీపై కెనెడీ వారసుడు పోటీకి దిగితే, స్పీకర్ నాన్సీ పెలోసీ మద్దతిచ్చింది సిట్టింగ్‌కు కాదు, వారసుడికి. మార్కీని గెలిపించింది యువ వాలంటీర్లు. కన్సల్టెంట్లపై ఆ నిషేధాన్ని 2021లో ఎత్తేశారు కానీ బుద్ధి మారలేదు. 2025లో డేవిడ్ హాగ్ జాతీయ కమిటీ ఉపాధ్యక్షుడిగా ఉంటూ, సేఫ్ సీట్లలో చేవలేని సిట్టింగులపై కొత్తవారిని నిలబెట్టడానికి తన సంస్థ ద్వారా రెండు కోట్ల డాలర్లు ఖర్చు పెడతానన్నారు. పార్టీ పదవిలో ఉండి తటస్థంగా ఉండాల్సిందేనని జాతీయ అధ్యక్షుడు కెన్ మార్టిన్ గీత గీశారు. ఇంతలో వేరే విధానపరమైన ఫిర్యాదు మీద ఉపాధ్యక్ష ఎన్నిక మళ్లీ పెట్టారు, హాగ్ పోటీ నుంచి తప్పుకున్నారు. సరే, నియమం నియమమే అనుకుందాం. మరి ప్రైమరీ ముగిశాక కూడా సొంత అభ్యర్థిని కాదన్న జేకబ్స్‌కు ఏ గీత గీశారు?

సేఫ్ సీట్లలో ప్రైమరీ ఎందుకు ముఖ్యమో చెప్పడానికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు. నవంబరులో ఫలితం ముందే తెలిసిన చోట సిట్టింగ్ సభ్యుడు ఓటరుకు జవాబు చెప్పుకునే సందర్భం అదొక్కటే. 2020 జూన్‌లో బ్రాంక్స్‌లో ఒక కార్యక్రమంలో మాట్లాడే అవకాశం కోసం పట్టుబట్టిన ఎలియట్ ఎంగెల్, తనకు ప్రైమరీ లేకపోతే ఇదంతా పట్టించుకునేవాణ్ని కాదని మైకు ఆన్‌లో ఉండగానే అనేశారు. ఆయన ముప్పై ఏళ్లకు పైగా సభ్యుడు, విదేశీ వ్యవహారాల కమిటీ అధ్యక్షుడు. ఆ నెలలోనే ప్రైమరీలో ఓడిపోయారు. ఆయన నిజమే చెప్పారు, పాపం.

మన దగ్గర ప్రైమరీలు లేవు. 2014లో కాంగ్రెస్ కొన్ని నియోజకవర్గాల్లో ప్రయోగం చేసి వదిలేసింది. ఇక్కడ టికెట్ అంటే అధిష్ఠానం చేతిలోని బీ-ఫారం. టికెట్ రానివాడు రెబల్‌గా నిలబడితే ఆరేళ్లు సస్పెండ్ చేస్తారు, గెలిచి వస్తే మర్నాడే కండువా కప్పుతారు. ఈ తంతు మనకు కొత్త కాదు. అందుకే అమెరికాలో దాని ఛాయలు కనిపిస్తే ఇట్టే గుర్తుపట్టగలం. అయినా అక్కడి తెలుగువారికి ఇది దూరపు గొడవ కాదు. అదే మంగళవారం వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచిన గజాలా హష్మీ హైదరాబాద్‌లో పుట్టారు. జూన్ ప్రైమరీలో ఆరుగురు పోటీపడ్డారు. ఆమెకు మూడో వంతు ఓట్లు కూడా రాలేదు, రిచ్‌మండ్ మాజీ మేయర్‌పై స్వల్ప తేడాతో గట్టెక్కారు. మెజారిటీ రాలేదు కదా అని ఓడినవారెవరూ సొంత జెండాతో నవంబరులో దిగలేదు. ప్రైమరీ చివరి లెక్కింపులో 56 శాతం తెచ్చుకున్న మమ్దానీకి మాత్రం ఆ మర్యాద దక్కలేదు.

మమ్దానీ విమర్శకు అతీతుడని మేము అనడం లేదు. అద్దెల పెంపు ఆపుతానన్నారు, బస్సులు ఉచితమన్నారు, పిల్లల సంరక్షణ అందరికీ అన్నారు. చేయకపోతే, ఆయన కోసం మెట్లెక్కి తలుపులు కొట్టినవారే 2029 ప్రైమరీలో ఆయనపై మరొకరిని నిలబెట్టాలి. నిలబెడితే ఈ పత్రిక వారినే సమర్థిస్తుంది. ఆ ప్రైమరీలో మమ్దానీ ఓడి స్వతంత్రంగా దిగితే ఇవే మాటలు ఆయనకూ చెబుతుంది.

ఇక మెయిన్ రాష్ట్రం సంగతి. 2026 జూన్‌లో అక్కడ సెనేట్ ప్రైమరీ. 2025 నవంబరు నాటికి బరిలో అధిష్ఠానం కోరి తెచ్చుకున్న గవర్నర్ జానెట్ మిల్స్ ఒకవైపు, ఆల్చిప్పల సాగు చేసే మాజీ మెరైన్ గ్రాహమ్ ప్లాట్నర్ మరోవైపు. పాత సోషల్ మీడియా రాతలతో ప్లాట్నర్ ఇప్పటికే చిక్కుల్లో పడ్డారు, వాటిని తూచేది మెయిన్ ఓటర్లు. సెనేట్ ప్రచార కమిటీ మాత్రం ప్రైమరీకి ఏడు నెలల ముందే మిల్స్‌తో కలిసి నిధుల సేకరణకు దిగింది. ఆ ప్రైమరీలో మిల్స్ గెలిస్తే, ప్లాట్నర్ వర్గం ఐకమత్యం కోసం చేతులు కలపాలని షూమర్ వాషింగ్టన్ నుంచి పిలుపునిస్తారు. అందులో అనుమానం లేదు. ఏ ముఖం పెట్టుకుని ఇస్తారన్నదే మా ప్రశ్న. మీ సొంత నగరంలో పార్టీ అభ్యర్థికి ఓటేశారా అని ఆ కుర్రాళ్లలో ఒకరు ఎదురడిగితే ఏం చెబుతారు?

ముందు జేకబ్స్‌ను ఆ కుర్చీలోంచి దింపండి. పార్టీ అభ్యర్థిని ఒకసారి కాదు, రెండుసార్లు కాదన్న వ్యక్తికి ఆ పార్టీ అధ్యక్ష పదవిలో పనేమిటి? ఆ తర్వాత షూమర్ గారు తన ఓటు సంగతి తేల్చాలి. చెప్పడం ఇష్టం లేకపోతే మానేయొచ్చు. ఇకపై ఏ కార్యకర్త ముందూ విధేయత అన్న మాట మాత్రం ఎత్తకూడదు.